రిటర్నులో దొర్లిన తప్పు: చట్టం దాన్ని చూసే తీరు

ఆదాయపు పన్ను రిటర్ను చివర ధ్రువీకరణ అనే చిన్న భాగం ఒకటి ఉంటుంది. పైన రాసిన వివరాలన్నీ తనకు తెలిసినంతవరకు సరైనవేనని, సంపూర్ణమేనని పన్ను చెల్లింపుదారు అక్కడ ప్రకటిస్తాడు. అంకెలు నింపింది ఆడిటరు కావచ్చు, ఆఫీసులో అకౌంట్స్ విభాగం కావచ్చు, పోర్టలే ముందుగా నింపి పెట్టి ఉండవచ్చు. ఆ ప్రకటన మాత్రం పాన్ ఎవరిదో వారిదే. తప్పు దొర్లినప్పుడు ఎదురయ్యే పర్యవసానాలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. అంకె తప్పు రాసినందుకు కట్టాల్సింది పన్ను, వడ్డీ. తప్పని తెలిసీ నిజమని ప్రకటించినందుకు పడేది భారీ జరిమానా, మరీ ముదిరితే ప్రాసిక్యూషన్. ఈ రెండింటి మధ్య గీతను చట్టం గీసే ఉంచింది. సగటు జీతగాడికి, చిన్న వ్యాపారికి ఆ గీత ఎక్కడుందో ఎవరూ చెప్పకపోవడమే అసలు ఇబ్బంది. నోటీసు అనగానే అమాయకుడు బెంబేలెత్తి జవాబివ్వడం మానేస్తాడు. పొరపాటుగా మొదలైనది ఆ మౌనంతోనే నేరంలా కనబడడం మొదలవుతుంది.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు సంవత్సరాల ఆదాయాలకు పాత చట్టమే వర్తిస్తుంది కనుక ఇక్కడ చెప్పే సెక్షన్లు 1961 చట్టానివి, ఉదాహరణలు 2024-25 ఆర్థిక సంవత్సరానివి.

దాఖలైన రిటర్నును మొదట చదివేది మనిషి కాదు, బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రంలో ఉన్న కంప్యూటర్. కూడికల్లో తప్పులు, ఒకచోట రాసిన అంకెకు మరోచోట రాసిన అంకె పొసగకపోవడం, పరిమితికి మించి కోరిన తగ్గింపులు, గడువు దాటాక వేసిన రిటర్నులో ముందుకు తీసుకెళ్లిన నష్టాలు వంటివి అది పట్టుకుంటుంది. సర్దుబాటు చేసే ముందు మెయిల్ పంపి 30 రోజుల సమయం ఇస్తుంది. జవాబు రాకపోతే సర్దుబాటు చేసి సెక్షన్ 143(1) కింద ఇంటిమేషన్ పంపుతుంది. ఆ ఇంటిమేషన్‌లో రెండు నిలువు వరుసలుంటాయి. చెల్లింపుదారు చూపిన లెక్క ఒకవైపు, కేంద్రం వేసిన లెక్క మరోవైపు. రెండూ ఒకటైతే పని అయిపోయినట్టే. తేడా ఉంటే ఏ వరుసలో మొదలైందో వెతికితే తప్పు ఎక్కడుందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. కాని చాలామంది రీఫండ్ వచ్చిందా లేదా అన్నది చూసి ఆ కాగితాన్ని తెరవనే తెరవరు. డిమాండ్ ఉంటే 30 రోజుల్లో కట్టాలి. ఆపైన నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. పట్టించుకోని డిమాండును తర్వాతి ఏళ్ల రీఫండ్‌లోంచి శాఖ కోసుకుంటుంది.

కొన్ని తప్పులు రిటర్నును లోపభూయిష్టం చేస్తాయి. వేయాల్సిన ఫారం ఒకటైతే మరొకటి వేయడం, వ్యాపార ఆదాయం చూపి లాభనష్టాల పట్టీ నింపకపోవడం ఇందులోకి వస్తాయి. సెక్షన్ 139(9) నోటీసుకు 15 రోజుల్లో స్పందించి సరిదిద్దకపోతే ఆ రిటర్ను అసలు వేయనట్టే లెక్క. దాఖలు చేసి 30 రోజుల్లో ధ్రువీకరించకపోయినా చిక్కే. గడువు తేదీ దాటాక ధ్రువీకరిస్తే అది ఆలస్యపు రిటర్నవుతుంది, మొత్తానికే మరిచిపోతే చెల్లదు. ఆలస్య రుసుము 5,000 రూపాయలు, మొత్తం ఆదాయం 5 లక్షలు దాటనివారికి 1,000. ఆ రుసుము కన్నా బరువైనది మరొకటి ఉంది. షేర్లలోనో వ్యాపారంలోనో వచ్చిన నష్టాన్ని తర్వాతి సంవత్సరాల లాభాల్లో తీసివేసుకునే హక్కు, గడువు దాటితే పోతుంది. ఆ ఏడాది పాత పన్ను విధానం ఎంచుకునే వీలూ ఉండదు.

ఇక డబ్బు లెక్కకు వస్తే, ఒక ఉదాహరణ చేతిలో పెట్టుకుని చూడాలి. 20 శాతం శ్లాబులో ఉన్న ఒక ఉద్యోగికి 2024-25లో ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 1,20,000 రూపాయల వడ్డీ వచ్చిందనుకుందాం. బ్యాంకు 10 శాతం, అంటే 12,000 టీడీఎస్ కోసింది. బ్యాంకు కోసేసింది కదా, ఇక చూపక్కర్లేదని అతను వదిలేశాడు. తెలుగు ఇళ్లలో ఇంతకన్నా ఎక్కువగా వినబడే పొరపాటు మరొకటి ఉండదేమో. ఆ వడ్డీ మీద అసలు పన్ను 24,000, దానిపై 4 శాతం సెస్ కలిపి 24,960. టీడీఎస్ పోను ఇంకా 12,960 బాకీ ఉంది. అది 10,000 దాటింది కనుక ముందస్తు పన్ను కట్టాల్సింది. కట్టలేదు కనుక 234బీ కింద 2025 ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం వడ్డీ, వాయిదాలు తప్పినందుకు 234సీ కింద మరో 651 రూపాయలు పడతాయి.

అతను 2025 డిసెంబరులో తప్పు గమనించి సవరించిన రిటర్ను వేస్తే తొమ్మిది నెలల వడ్డీ 1,161తో కలిపి మొత్తం 14,772 కడితే సరిపోతుంది. ఆ ఏడాదికి సవరణ గడువు డిసెంబరు 31. సవరించిన రిటర్ను పాతదాని స్థానంలోకి వస్తుంది. సవరించినందుకు విడిగా రుసుము లేదు, ప్రశ్నా లేదు. ఆ గడువు జారిపోతే మిగిలేది సెక్షన్ 139(8ఏ) కింద అప్‌డేటెడ్ రిటర్ను. అదే మనిషి 2027 ఫిబ్రవరిలో దాన్ని వేస్తే వడ్డీ 23 నెలలకు 2,967 అవుతుంది. పన్ను, వడ్డీ కలిపిన 16,578 మీద అదనంగా 25 శాతం, 4,144 రూపాయలు కట్టాలి. మొత్తం 20,700 పైచిలుకు. మరో ఏడాది ఆలస్యమైతే ఆ అదనం 50 శాతం, ఆ తర్వాత 60, చివరి ఏడాదిలో 70. మదింపు సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు ఈ తలుపు తెరిచే ఉంటుంది. అయితే ఇది ఒకవైపే తెరుచుకునే తలుపు. పన్ను తగ్గించుకోవడానికి, రీఫండ్ పెంచుకోవడానికి దీన్ని వాడుకోలేరు.

ఏదీ చేయకుండా ఊరుకుంటే? ఆ వడ్డీ వివరం బ్యాంకు ఎప్పుడో పంపేసింది. 2021 నవంబరులో వచ్చిన వార్షిక సమాచార నివేదిక, అందరూ ఏఐఎస్ అనే పత్రంలో అది పాన్ మీద కనబడుతూనే ఉంటుంది. మదింపు అధికారి ఆ ఆదాయాన్ని కలిపినప్పుడు సెక్షన్ 270ఏ ముందుకొస్తుంది. ఆదాయం తక్కువ చూపారన్న నిర్ణయానికి వస్తే ఆ పన్నులో సగం, అంటే 12,480 జరిమానా. వాస్తవాలను దాచారన్న నిర్ణయానికి వస్తే 200 శాతం, అంటే 49,920. కోసిన టీడీఎస్‌ను ఈ జరిమానా లెక్కలో మినహాయించరు. 12,960 రూపాయల బాకీ, పన్ను వడ్డీలు కాకుండానే 49,920 జరిమానాగా మారగలదు.

తక్కువ చూపడానికీ, తప్పుగా చూపడానికీ 270ఏ చేసిన ఈ తేడా మొత్తం విషయంలో కీలకమైనది. వాస్తవాల్ని మార్చి చెప్పడం, దాచడం, ఆధారం లేని ఖర్చు కోరడం, ఖాతా పుస్తకాల్లో అబద్ధపు పద్దు రాయడం, రాబడిని పుస్తకాల్లో ఎక్కించకపోవడం వంటివి రెండో కోవలోకి వస్తాయి. మొదటి కోవలోనూ ఒక రక్షణ ఉంది. చెల్లింపుదారు ఇచ్చిన వివరణ సద్బుద్ధితో కూడినదై, సంబంధించిన వాస్తవాలన్నీ బయటపెట్టి ఉంటే దాన్ని తక్కువ చూపిన ఆదాయంగా లెక్కించరు. ఇక 270ఏఏ కింద, మదింపు ఉత్తర్వు ప్రకారం పన్ను, వడ్డీ కట్టి, అప్పీలు వేయకుండా, ఉత్తర్వు అందిన నెల ముగిశాక ఒక నెలలోగా దరఖాస్తు పెడితే జరిమానా నుంచి మినహాయింపు కోరవచ్చు. 1961 చట్టంలో ఈ సెక్షన్ వచ్చినప్పుడు ఈ వెసులుబాటు తక్కువ చూపినవారికే ఇచ్చారు గాని, తప్పుగా చూపినవారికి కాదు.

పొరపాటు అంటే ఏమిటో సుప్రీంకోర్టు తేల్చిన తీర్పుల్లో 2012 నాటి ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ కేసు చదవదగ్గది. ఆ సంస్థ పని ఇతరుల లెక్కలు తనిఖీ చేయడమే. అలాంటి సంస్థ 2000-01 మదింపు సంవత్సరపు రిటర్నులో గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టిన 23,70,306 రూపాయలను ఆదాయంలో తిరిగి కలపడం మరిచిపోయింది. రిటర్నుతో పాటే ఇచ్చిన ఆడిట్ నివేదికలో ఆ మొత్తం అనుమతించదగింది కాదని రాసే ఉంది. నోటీసు వచ్చాక సంస్థ తప్పు ఒప్పుకుని పన్ను కట్టింది. జరిమానా మాత్రం అన్యాయమని పోరాడింది. నివేదికలో ఉన్నదాన్ని దాచడం ఎలా అవుతుందని కోర్టు అడిగింది. ఎంత పేరున్న సంస్థకైనా మానవ సహజమైన పొరపాటు దొర్లుతుందని ఒప్పుకుని జరిమానా కొట్టేసింది. అంతకు రెండేళ్ల ముందు, 2010లో, రిలయన్స్ పెట్రోప్రొడక్ట్స్ కేసులో మరో మాట స్పష్టం చేసింది. వివరాలన్నీ సరిగా ఇచ్చి, చట్టం ఒప్పుకోని తగ్గింపు కోరినంత మాత్రాన అది తప్పుడు వివరాలు ఇవ్వడం కాదు.

ఈ రెండింటి పక్కన 2013 నాటి మాక్ డేటా తీర్పును పెట్టి చదవాలి. సోదర సంస్థలో జరిగిన సర్వేలో దొరికిన కాగితాల గురించి శాఖ అడిగాక ఆ కంపెనీ 40.74 లక్షలు ఆదాయంగా ఒప్పుకుంది. గొడవ లేకుండా ఉండేందుకు ఒప్పుకున్నామంది. దొరికిపోయాక ఒప్పుకోవడం స్వచ్ఛందం కాదని సుప్రీంకోర్టు జరిమానాను నిలబెట్టింది. మూడు తీర్పులనూ కలిపి చూస్తే కోర్టులు రెండింటిని తూకం వేస్తాయని తెలుస్తుంది. వాస్తవం రికార్డులో ఎక్కడైనా ఉందా? ఎవరూ అడగకముందే దిద్దుకున్నారా? మనసులో దురుద్దేశం లేదని చెప్పుకోవడానికి ఈ రెండింటిని మించిన సాక్ష్యం లేదు.

జైలు మాట పొరపాట్లకు సంబంధించినది కాదు. సెక్షన్ 276సీ ఉద్దేశపూర్వకంగా పన్ను ఎగవేయడానికి చేసిన ప్రయత్నానికి, 277 ధ్రువీకరణలో తెలిసీ అబద్ధం చెప్పినందుకు. కాని 278ఈ ఒక బరువైన నిబంధన. దురుద్దేశం ఉందని కోర్టు ముందే అనుకుంటుంది, లేదని నిరూపించుకునే భారం నిందితుడి మీద పడుతుంది. దీనికి ఊరట కలిగించేది 2004లో కె.సి. బిల్డర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట. ఆదాయం దాచారన్న నిర్ధారణను ట్రిబ్యునల్ కొట్టేసి జరిమానా రద్దు చేశాక, అదే ఆరోపణ మీద క్రిమినల్ కేసు నిలవదు.

ఇంత చెప్పుకున్నాక, నేటి జీతగాళ్లను నిజంగా ప్రమాదంలో పడేస్తున్నది వారి సొంత తప్పులు కావని చెప్పక తప్పదు. రీఫండ్ ఇప్పిస్తాం, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి అనే మధ్యవర్తులు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. లేని ఇంటి అద్దె, పేరు కూడా తెలియని రాజకీయ పార్టీకి విరాళం, తీసుకోని విద్యారుణం మీద వడ్డీ చూపి రిటర్ను వేస్తారు. రీఫండ్ వస్తుంది, కమిషన్ పోతుంది, పాన్ మాత్రం ఉద్యోగిదే. 2025 జులై 14న శాఖ ఇలాంటి దొంగ క్లెయిములు తయారుచేసేవారి మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే సుమారు 40,000 మంది తమ రిటర్నులను సరిదిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు తెలిపింది. ఆధారం లేని క్లెయిము కనుక ఇది 200 శాతం కోవలోకే వస్తుంది. ఏం రాశారో చూడలేదన్న మాట ధ్రువీకరణ ముందు నిలవదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో భూమి దగ్గర జరిగే తప్పులు ఖరీదైనవి. వ్యవసాయ భూమి అమ్మితే పన్ను లేదన్న నమ్మకం ఊరూరా ఉంది. అది పల్లె భూమికే నిజం. మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపైతే 2 కిలోమీటర్లు, 10 లక్షల లోపైతే 6, ఆపైనైతే 8 కిలోమీటర్ల లోపు భూమి మూలధన ఆస్తే. ఆ దూరాన్ని రోడ్డు వెంట కొలవరు, తిన్నగా గాలిలో గీసిన గీత వెంట కొలుస్తారు. పాసుపుస్తకం ఉన్నంత మాత్రాన, వరి పండుతున్నంత మాత్రాన ఇది మారదు. హైదరాబాదు చుట్టూ ఎన్నో అమ్మకాలు ఈ పరిధిలోవే. 30 లక్షలు, ఆపై విలువైన రిజిస్ట్రేషన్ల వివరం శాఖకు నేరుగా వెళ్తుంది. దస్తావేజులో ధర తగ్గించి రాస్తే మరో చిక్కు. స్టాంపు డ్యూటీకి లెక్కించే విలువ రాసిన ధరను 10 శాతానికి మించి దాటితే, ఆ విలువనే అమ్మకపు ధరగా తీసుకుంటారు.

అమరావతి రైతులది ప్రత్యేకమైన పరిస్థితి. 2014 జూన్ 2 నాటికి భూమి ఉండి, ల్యాండ్ పూలింగులో ఇచ్చినవారికి 2017 ఫైనాన్స్ చట్టం సెక్షన్ 10(37ఏ) ద్వారా మూలధన లాభం మీద పన్ను మినహాయించింది. భూమి ఇచ్చినందుకు, పూలింగు యాజమాన్య పత్రం అమ్మినందుకు ఆ మినహాయింపు ఉంది. తిరిగి వచ్చిన ప్లాటు అమ్మితే మాత్రం, దాన్ని స్వాధీనం చేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్లలోపు అమ్మినప్పుడే వర్తిస్తుంది. తర్వాత కొనుక్కున్నవారికి ఇది లేదు. సొంత భూమి రాజధానికి ఇచ్చిన రైతు, గడువు తెలియక ఇంకోసారి నష్టపోకూడదు.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి రెండు ఫారం 16లు వస్తాయి. ఇద్దరు యజమానులూ శ్లాబులు మొదటి నుంచి వేసి, స్టాండర్డ్ డిడక్షన్ ఇద్దరూ ఇచ్చి ఉంటారు. కలిపి లెక్కేస్తే బాకీ తేలుతుంది. అమెరికా మాతృసంస్థ షేర్లు జీతంలో భాగంగా అందుకునేవారు అవి అమ్మినా అమ్మకపోయినా, వాటి విలువ ఎంతైనా, విదేశీ ఆస్తుల షెడ్యూలులో క్యాలెండరు సంవత్సరం లెక్కన చూపాలి. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. పన్ను బాకీ ఒక్క రూపాయి లేకపోయినా పడే జరిమానా ఇది. ఈ కఠినత్వాన్ని సడలిస్తూ, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు దాటనివారికి 2024 అక్టోబరు 1 నుంచి ఈ జరిమానా తీసేశారు.

అమెరికాలో స్థిరపడ్డవారికి ఇదే సమస్య అటువైపు నుంచి వస్తుంది. అక్కడి పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు హైదరాబాదు బ్యాంకు వడ్డీని కూడా అక్కడి రిటర్నులో చూపాలి. విదేశీ ఖాతాలన్నిటి నిల్వ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విడి నివేదిక ఇవ్వాలి. అమ్మానాన్నల ఖాతాలో పేరు కలిపించుకున్న పిల్లలూ ఇందులోకి వస్తారు. బిట్నర్ కేసులో అయిదేళ్ల నివేదికలు ఆలస్యం చేసినందుకు అక్కడి ప్రభుత్వం 272 పద్దులకు లెక్కకట్టి 27.2 లక్షల డాలర్లు అడిగింది. ఉద్దేశపూర్వకం కాని తప్పుకు లెక్క ఖాతాకు కాదు, నివేదికకు అని 2023 ఫిబ్రవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తీర్పు చెప్పడంతో అది 50,000 డాలర్లకు దిగింది.

తప్పులన్నీ ఖజానాకు నష్టం చేసేవే కావు. రావలసిన తగ్గింపు కోరకుండా వదిలేసేవారు ఎందరో. 2006లో గోయెట్జ్ కేసులో సుప్రీంకోర్టు, సవరించిన రిటర్ను లేకుండా కొత్త క్లెయిమును మదింపు అధికారి అంగీకరించలేడంది, ట్రిబ్యునల్ అధికారాన్ని మాత్రం తాకలేదు. గడువు దాటిన రీఫండ్ కోసం 119(2)(బీ) కింద ఆలస్యాన్ని మన్నించమని కోరే వీలుంది. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ దానికి అయిదేళ్ల పరిమితి పెట్టింది. యజమాని జీతంలో పన్ను కోసి ఖజానాకు కట్టకపోతే ఆ పన్నును ఉద్యోగి దగ్గర మళ్లీ వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతోంది. అయినా కంప్యూటర్ డిమాండ్ వేస్తూనే ఉంటుంది. జీతం చీటీలు, బ్యాంకు పద్దులు చూపి దాన్ని ఎదిరించాలి. 1955 ఏప్రిల్ 11న బోర్డు జారీచేసిన సర్క్యులర్ ఒకటి ఉంది. చెల్లింపుదారు అజ్ఞానాన్ని అధికారులు అవకాశంగా తీసుకోకూడదని, అతనికి రావలసిన రాయితీల విషయంలో సాయపడాలని అది ఆదేశించింది. చట్టం అనుమతి లేనిదే పన్ను వేయరాదన్న రాజ్యాంగ 265వ అధికరణం దానికి వెన్నుదన్ను. పన్ను చెల్లింపుదారు తరఫున ఆ సర్క్యులర్‌ను ఇంకా గట్టిగా వాడుకోవాలి.

పాత తప్పును శాఖ ఎంతకాలం తవ్వవచ్చునన్న ప్రశ్నకు 2024 సెప్టెంబరు 1 నుంచి జవాబు ఇది. మదింపు సంవత్సరం ముగిశాక మామూలుగా మూడేళ్ల మూడు నెలలు, తప్పించుకున్న ఆదాయం 50 లక్షలు, ఆపైన ఉంటే అయిదేళ్ల మూడు నెలలు. అంతకాలం అద్దె రసీదులు, దస్తావేజులు, బ్యాంకు పద్దులు ఇంట్లో ఉండాలి. రిటర్ను ఎవరు నింపినా, ధ్రువీకరించే ముందు ఏఐఎస్‌ను పక్కన పెట్టుకుని పద్దు పద్దుకూ పోల్చి చూడండి. అందులోనే తప్పు ఉంటే పోర్టల్లో అభ్యంతరం నమోదు చేయండి. ఇంటిమేషన్ వచ్చిన రోజే తెరిచి రెండు వరుసలూ చదవండి. ఒప్పుకోని డిమాండుకు అప్పీలు గడువు 30 రోజులే.